అత్తమ్మకి ‘స’ పలకని రోజులు

మా అత్తమ్మ చాలా ఏళ్లుగా సినిమాలకీ సీరియళ్లకీ డబ్బింగ్ చెబుతోంది. తెరమీద పెళ్లికూతురి మేనత్త, ఆసుపత్రి ఆయా, కోర్టు మెట్ల మీద ఏడ్చే తల్లి... పెదాలు కదిపేది ఎవరో, గొంతు మాత్రం చాలాసార్లు ఆవిడది. ఆవిడది తెనాలి దగ్గర ఊరు. నాది సిద్దిపేట వైపు. యూసుఫ్‌గూడలో మా కాపురం. నేను రహమత్ నగర్ బడిలో పాఠాలు చెబుతాను. మా ఆయన షూటింగుల పని మీద ఊళ్లు పట్టుకుని తిరుగుతుంటారు కాబట్టి ఇంట్లో ఎక్కువగా ఉండేది మేమిద్దరమే.

పెళ్లయిన కొత్తలో నేను మాట్లాడుతుంటే ఆవిడ చెవులు రిక్కించి వినేది. తప్పుగా మాట్లాడుతున్నానేమోనని భయపడ్డాను. ఒకరోజు వంటింట్లోకి వచ్చి, "అమ్మాయ్, నీ యాస నాక్కూడా నేర్పవే. ఈ మధ్య అన్నీ తెలంగాణ పాత్రలే వస్తున్నాయి" అంది. అప్పటినుంచి నేను కూరగాయలు తరుగుతుంటే పక్కన పీట వేసుకుని "గిట్లనా? గట్లనా?" అంటూ సాధన చేసేది. ‘వచ్చాడు’ బదులు ‘వచ్చిండు’ నోట్లోంచి సాఫీగా వచ్చిన రోజున చిన్నపిల్లలా చప్పట్లు కొట్టుకుంది.

అలాంటి మనిషికి పై వరసలో ముందరి పళ్లు రెండు కదలడం మొదలుపెట్టాయి. స్టూడియోలన్నీ అటువైపే కాబట్టి జూబ్లీహిల్స్‌లో పెద్ద దంతవైద్యశాల ఒకటి ఎంచుకుంది. కదిలే పళ్లు తీసేశారు. అటూ ఇటూ ఉన్న పళ్లను అరగదీసి, వాటి ఆసరాతో కొత్త పళ్ల వరస, వాళ్లు బ్రిడ్జి అంటారు, అతికించారు. అద్దంలో చూస్తే ముత్యాల్లాగే ఉన్నాయి. ఇంటికొచ్చి "సాంబారులో ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది. ‘స’ అన్నచోటల్లా సన్నగా ఈల వినబడింది. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం.

ఆ ఈల మాత్రం పోలేదు. కొరికితే నొప్పి. చిగుళ్లు వాచాయి. ఫోను చేస్తే ఆసుపత్రివాళ్లు, "కొత్తవి కదా మేడమ్, అలవాటవుతుంది" అన్నారు. మళ్లీ చేస్తే మళ్లీ అదే మాట.

ఒకనాడు ఫిల్మ్‌నగర్ స్టూడియో నుంచి పెందలాడే వచ్చేసి, చీర కూడా మార్చుకోకుండా మంచం మీద కూర్చుంది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే అప్పుడు చెప్పింది. ఒక్క డైలాగు మళ్లీ మళ్లీ చెప్పించి, చివరికి డబ్బింగ్ చూసుకునే ఆయన బయటికి వచ్చి, "అమ్మా, వయసు మీదపడింది కదా, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి" అన్నాడట. కసురుకోలేదు, ఎంతో మర్యాదగానే అన్నాడట. ఆ మర్యాదే ఆవిడ్ని కుంగదీసింది.

ఆ తర్వాత ఇంట్లో మాట తగ్గిపోయింది. ఉన్న నాలుగు మాటల్లోనూ ‘స’ రాకుండా చూసుకునేది. సొరకాయని ఆనపకాయ అనేది. సాయంత్రం అనకుండా పొద్దుగూకాక అనేది. సబ్బు అయిపోతే దాని పైకాగితం తెచ్చి నాకు చూపించేది. ఊరినుంచి వాళ్ల చెల్లెలు ఫోను చేస్తే నా చేతికిచ్చి, పడుకున్నానని చెప్పమని సైగ చేసేది.

సెలవు పెట్టి ఆవిడతో ఆసుపత్రికి వెళ్లాను. మేనేజరు చల్లటి నీళ్లు ఇప్పించి, ఈసారి పళ్లు ఉచితంగా శుభ్రం చేస్తామన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"గదేంది సార్? పళ్లు తోమించుకునేటందుకు వచ్చినమా? ఆమెకు గొంతే బతుకు. జర పెద్ద డాక్టర్ని పిలువుండ్రి" అన్నాను.

పెద్ద డాక్టరు ఊళ్లో లేరన్నాడు. అత్తమ్మ నా కొంగు పట్టుకుని లాగింది. "పద అమ్మాయ్, గొడవొద్దు."

ఆటోలో ఆవిడ బయటికే చూస్తూ కూర్చుంది. గొడవ వద్దన్న మనిషి కళ్లనిండా నీళ్లు.

మా బడిలో తోటి టీచరు ఎర్రగడ్డలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లమంది. చిన్న గది, బయట రెండు కుర్చీలు. ఆ డాక్టరమ్మ అత్తమ్మ నోట్లో దీపం వేసి నిదానంగా చూసింది, ఎక్స్‌రే తీయించింది. కట్టిన పళ్లు లోపలివైపు బాగా మందంగా ఉన్నాయనీ, నాలుకకి చోటు లేకనే ఈల వస్తోందనీ చెప్పింది. అంచు సరిగా కూర్చోక తిండి ఇరుక్కుంటోంది, ఆసరాగా ఉన్న పన్ను వేరులో చీము పట్టింది.

"ఎవరు చేశారో, ఎందుకిలా చేశారో నేను మాట్లాడను. నా కళ్లకి కనబడింది మాత్రం రాసిస్తాను" అంది.

ఆ కాగితం, ఎక్స్‌రే జతచేసి ఆసుపత్రికి ఫిర్యాదు పంపాం. జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళతామని కూడా రాశాను. అత్తమ్మ సంతకం పెడుతూ, "ఇంత పెద్దదాన్నయ్యాక నాకీ కోర్టులేంటే?" అంది. "మీరు భయపడకుండ్రి అత్తమ్మా, నేనున్న కదా" అన్నాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి నా బుగ్గ నిమిరింది.

కొన్నాళ్లకి పిలుపు వచ్చింది. ఈసారి పెద్ద డాక్టరు ఉన్నాడు. నడివయసు మనిషి. చేతులు కట్టుకుని, ఇలాంటివి రోగి రోగికీ తేడాగా ఉంటాయనీ, వయసును బట్టి నాలుక పట్టు తప్పుతుందనీ మొదలుపెట్టాడు. నేను నోరు తెరవబోతే అత్తమ్మ నా మోచెయ్యి తట్టి ఆపింది. సంచిలోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టింది. అందులో పళ్లు తీయించుకోకముందు ఆవిడ చెప్పిన డైలాగు ఉంది. నేను వంటింట్లో నేర్పిందే.

"సగం బువ్వ ఇడిచిపెట్టి పోతవేందిరా కొడుకా? సాయంత్రం దాకా ఏం తిని ఉంటవు? కూసో, జరంత సల్ల పోస్త."

ఆ గొంతు గదంతా పరుచుకుంది. ఫోను ఆగాక అత్తమ్మ అదే డైలాగు డాక్టరు మొహంలోకి చూస్తూ చెప్పింది. ‘సగం’ దగ్గర ఈల, ‘సాయంత్రం’ దగ్గర ఈల, ‘సల్ల’ దగ్గరకి వచ్చేసరికి గొంతు తడబడింది. అయినా ఆపలేదు, చివరిదాకా చెప్పింది. ఇన్నాళ్లూ ఎవరి ముందూ పలకని అక్షరాన్ని ఆవిడ అక్కడ అందరికీ వినిపించింది.

డాక్టరు కట్టుకున్న చేతులు విప్పేశాడు. ఎక్స్‌రే తీసుకుని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు.

"దీన్ని మా దగ్గర కొత్తగా చేరిన డాక్టరు చేశారమ్మా. అతికించే ముందు నేను చూడాలి. చూడలేదు" అన్నాడు. తీసుకున్న డబ్బంతా తిరిగి ఇచ్చేస్తామనీ, నచ్చినచోట మళ్లీ చేయించుకుంటే ఆ ఖర్చు కూడా తామే భరిస్తామనీ చెప్పాడు.

అత్తమ్మ లేవలేదు. "అది సరే బాబూ. స్టూడియోలో నాకు వయసైపోయిందన్నారు. నేనూ అదే నిజమనుకున్నాను. అది నిజమో కాదో మీ నోటితో చెప్పండి."

ఆయన ఎక్స్‌రే బల్ల మీద పెట్టాడు. "వయసు కాదమ్మా. తప్పు మాది. క్షమించండి."

"అంతే నాయనా. నాకు కావలసింది అదే" అంది. బయటికొచ్చాక చెట్టునీడలో నిలబడి నా భుజం మీద తల ఆన్చి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆటోవాడు బండి ఆపి, ఎక్కుతారో లేదో తెలియక మావైపు చూస్తూ ఉండిపోయాడు.

ఎర్రగడ్డ డాక్టరమ్మే మళ్లీ చేసింది. చీముపట్టిన పన్నును కాపాడలేకపోయింది. కొత్త వరసని అతికించకముందు తాత్కాలికంగా పెట్టి, ఇంటికి పంపించి, "మాట్లాడుతూ ఉండండి, ఎక్కడ అడ్డొస్తే అక్కడ అరగదీస్తాను" అంది. అత్తమ్మ రోజంతా మాట్లాడింది. పాలవాడితో, పక్కింటివాళ్లతో, చెల్లెలితో ఫోనులో గంటలకొద్దీ. గొంతు పూర్తిగా మునుపటిలా రాలేదు. ‘శ’ దగ్గర ఇప్పటికీ చిన్న జీర ఉంది. కానీ స్టూడియోకి పిలిచారు, ఇంకా పిలుస్తున్నారు.

ఇప్పుడు మా వీధిలో ఎవరికి పన్ను నొప్పి వచ్చినా ముందు మా ఇంటికే వస్తారు. మొన్న పక్కింటావిడ దవడ పట్టుకుని వచ్చింది. అత్తమ్మ ఆవిడ్ని కూర్చోబెట్టి, నోరు తెరిపించి, తనకేదో తెలిసినట్టు లోపలికి తొంగిచూసింది.

"నీ నోట్లో చెయ్యిపెట్టేది ఏ డాక్టరో ముందే అడుగు. చేశాక బాగోలేకపోతే బాగోలేదని అప్పుడే చెప్పు. సిగ్గుపడకు. నోరు నీది" అంది.

పక్కింటావిడ తెరిచిన నోటితోనే తలూపింది.