అమ్మమ్మ విప్పేసిన డీఎన్‌ఏ

డీఎన్‌ఏ అంటే మెలితిరిగిన నిచ్చెన అని పదో తరగతి నుంచీ బట్టీపట్టినదాన్ని. మన జన్యువుల్లో కొన్నిచోట్ల అది నిచ్చెనలా ఉండదని, ఒకే పోగు తనమీద తనే మడతపడి నాలుగు పేటలవుతుందని ఎమ్మెస్సీలో చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. నా ఒంట్లో కూడా ఈ క్షణాన ఆ మడతలు పడుతున్నాయంటే కుదురుగా ఎలా కూర్చోవడం!

ప్రాజెక్టు దానిమీదే తీసుకున్నాను. కొల్లేటికోటలో అమ్మమ్మ వలలు బాగుచేసే నైలాన్ తాడు అడిగి, నమూనా కోసం, డీఎన్‌ఏ నాలుగక్షరాల్లో ఒకటైన గ్వానిన్ ఉండే చోటల్లా ఎర్రపూస గుచ్చాను. నాలుగు పూసలు ఒక చదరం, చదరం మీద చదరం, మొత్తం మూడు. మడవడానికి వారం పట్టింది. ఏలూరులో వైవా తప్పితే ఏడాది పోతుంది.

వైవా రోజు పొద్దున స్నానం చేసి వచ్చేసరికి అమ్మమ్మ చేతిలో తాడు తిన్నగా వేలాడుతోంది.

"ఎంత చిక్కుపడిపోయిందో తల్లీ, విప్పేశాను" అంది సంబరంగా.

చిక్కుపడిన తాడు కనబడితే ఊరుకోలేని చేతులు ఆవిడవి. నాకు ఒళ్లు మండిపోయింది. "నా ఏడాదంతా నాశనం చేశావు!" అని అరిచేశాను.

ఆవిడ చీర మార్చుకుని నాతో బస్సెక్కింది. ఏ మడత ఎక్కడో ఈసరికి తెలుసు కనుక, తను కొస పట్టుకుంటే నేను చకచకా మడిచాను. ఏలూరు వచ్చేసరికి రెండు చదరాలయ్యాయి. మూడోది ఎగ్జామినర్ మేడమ్ గారి ఎదుటే పూర్తిచేశాను.

"కణం డీఎన్‌ఏని కాపీ చేసుకునేటప్పుడు ఈ మడత అడ్డం పడదామ్మా?" అన్నారావిడ.

"పడుతుందండి. విప్పే ఎంజైములు ఉంటాయండి."

"ఎలా విప్పుతాయి?"

బల్లమీది తాడు వంక చూశాను. అంతలో ఏం తోచిందో, "మా అమ్మమ్మ వరండాలో ఉందండి, పిలవనా?" అన్నాను. మేడమ్ గారు నవ్వి పిలవమన్నారు.

నేను విప్పమంటే అమ్మమ్మ భయంభయంగా నా మొహం చూసి, తాడు అందుకుంది. "మధ్యలో లాగితే బిగుసుకుపోద్దండి. కొస పట్టుకుని, దాని వెంటే పోవాలండి" అంటూ ఒక్కో చదరం విడదీసింది.

"ఇంతేనండి!" కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "ఎంజైము కూడా కొస పట్టుకుని, పోగు వెంట జరుగుతూ, ఒక్కో పొరా విడదీస్తుందండి!"

మేడమ్ గారు శభాష్ అన్నట్టు బల్ల చరిచి, మార్కులు వేయడానికి కలం తీశారు. ఆ కలం చూసి అమ్మమ్మ మొహం పాలిపోయింది.

"మళ్లీ విప్పేశాను కదండీ," అంది ఆవిడతో, "దాని ఏడాది పోగొట్టకండి. తప్పు నాదండి."

నేను అమ్మమ్మను పట్టుకుని, మేడమ్ గారున్నారని కూడా చూడకుండా, భోరుమని ఏడ్చేశాను.