రాతిమనుషులకు పొలాలు

బొబ్బిలిలో బియ్యం కొట్టు నడిపే మా మావయ్య ఎవరు ఎదురైనా ముందు "తిన్నావేట్రా?" అనేవాడు. నా లాప్‌టాప్‌లో అంతరిక్ష ఆట ఆడినా అదే తీరు. అందులో మా పక్షాన రెండు జాతులు. ఒక జాతివాళ్లు తెగ తింటారు, సంఖ్యలో ఇట్టే పెరుగుతారు. రాతిమనుషులు అసలు తినరు, మెల్లగా పెరుగుతారు. ఆయన రాతిమనుషుల గ్రహం నిండా కూడా పొలాలు వేయించాడు.

"ఆళ్లు తినరు మావయ్యా, దండగ!" అని నెత్తి కొట్టుకున్నాను.

"మొగమాటపడతన్నారేమోరా. ఉండనీ."

ఇంతలో శత్రువు మా పెద్ద గ్రహాన్ని పట్టుకున్నాడు. అక్కడినుంచి ఓడల్లో తప్పించిన తిండిపోతులందరికీ ఆ రాతిగ్రహమే అన్నం పెట్టింది. వాళ్లు మళ్లీ పెరిగారు, పోయిన గ్రహాన్ని గెలుచుకున్నాం. నేను ఎగిరి గంతేశాను. మావయ్య మాత్రం తెర మీది రాతిమనిషి వైపు వంగి, "ఇప్పుడైనా నువ్వూ తిన్రా బాబూ" అన్నాడు.