చీకటి చేసిన గదిలో చెంగమ్మ

1963 జూన్‌లో, వేసవి సెలవులు అయి బళ్లు తెరిచిన కొద్ది రోజులకే, తోటపల్లి గూడూరు పక్కన ఒక ఊరి బడిలో నమూనా పాఠం చెప్పి రమ్మని నాకు ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను నెల్లూరులో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పనిచేస్తున్నాను. నా విభాగం పేరు దృశ్య శ్రవణ బోధన. పేరు పెద్దది గాని సరంజామా కొంచెమే. కొన్ని చార్టులు, ఫ్లానెల్ గుడ్డ పరిచిన పలక, ఒక ఫిల్మ్‌స్ట్రిప్ ప్రొజెక్టరు.

ఫిల్మ్‌స్ట్రిప్ అంటే కదిలే సినిమా కాదు. సన్నటి ఫిల్ము ముక్క మీద వరసగా బొమ్మలుంటాయి. మర తిప్పినప్పుడల్లా ఒక్కో బొమ్మ తెర మీద పడుతుంది. టీచరు ఎంతసేపైనా దాన్ని ఆపి పిల్లలతో మాట్లాడవచ్చు. తరగతి గదికి సినిమా కంటే ఇదే మేలని నేను చెబుతూ వచ్చాను. ఈ పరికరాలు తాలూకాలోని బళ్లకు కూడా ఇవ్వాలని చాలాకాలంగా అడుగుతున్నాను. ఇవ్వాలా వద్దా అన్నది ఆనాటి నమూనా పాఠం మీద డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ రాసే నివేదికను బట్టి తేలుతుంది. అందుకే చుట్టుపక్కల బళ్ల టీచర్లందరినీ పిలిపించి వెనక బెంచీల మీద కూర్చోబెట్టారు. డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ గారు పక్కన కుర్చీలో కూర్చున్నారు.

ఆ ఊరికి అప్పటికి కరెంటు రాలేదు. మా ప్రొజెక్టరు బ్యాటరీతో పనిచేసే రకం. డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ గారు వచ్చిన జీపును కిటికీ పక్కన నిలిపి, దాని బ్యాటరీ నుంచి గదిలోకి తీగ లాగాం. కిటికీలన్నిటికీ హెడ్మాస్టరు పెంచలయ్య గారు నల్ల దుప్పట్లు కట్టించి, పైకి చుట్టి ఉంచారు.

పాఠం వాన గురించి. గదిలో వెలుతురు ఉండగానే నేను ముందు ప్రశ్నలు వేశాను. బొమ్మ చూపించే ముందు పిల్లలకు ఏం తెలుసో రాబట్టాలన్నది మా పద్ధతిలో మొదటి మెట్టు. ముందు వరసలో చెంగమ్మ అనే పిల్ల అన్నిటికీ చకచకా జవాబులు చెప్పింది. బట్ట ఆరేస్తే నీళ్లు ఎక్కడికి పోతాయంటే, "పైకి పోతాయి, మనకు కనపడవు" అంది. వెనక టీచర్లు తలలాడించారు. నాకు ధైర్యం వచ్చింది.

దుప్పట్లు దించాం. తెర మీద సముద్రం, దాని మీద మేఘం. ఇప్పుడు ఒక బిడ్డ వచ్చి తెర మీద వేలు పెట్టి చూపించాలి. సహజంగానే చెంగమ్మను పిలిచాను.

ఆ పిల్ల లేచింది. రెండడుగులు వేసి పక్క పిల్లల కాళ్ల మీద పడింది. లేచి మళ్లీ నడిచింది. తెర ఎదురుగా వెలుగుతూ ఉంటే ఆ పిల్ల పక్క గోడ వైపు పోయింది. చేతులు చాపి గోడను తడిమి, ఒకచోట వేలు పెట్టి, "ఇదేనమ్మా మేఘం" అంది.

పిల్లలు పడీపడీ నవ్వారు. పెద్దవాళ్ల ముందు ఎగతాళి చేస్తోందనుకుని పెంచలయ్య గారు బెత్తం పట్టుకుని లేచారు. నేను అడ్డం వెళ్లాను. ఆ పిల్ల గోడకు ఆనుకుని కదలకుండా నిలబడి ఉంది. ఎటు తిరగాలో తెలియక ఆగినట్టుంది గాని కొంటెతనం చేసిన పిల్ల వాలకం కాదు.

ఒక కిటికీ దుప్పటి మాత్రం తీయించాను. వెలుతురు పడగానే చెంగమ్మ ఎడమ కన్ను గట్టిగా మూసుకుంది. ఏమైందని అడిగాను.

"పొద్దు గుంకితే నాకు కనపడదమ్మా. ఇప్పుడు పగలే కదా, అయినా చీకటయింది" అంది.

ఇంకెవరికైనా అట్లాగే ఉందా అని తరగతిని అడిగాను. కొన్ని చేతులు లేచాయి. అవన్నీ ఒకే పాలెం పిల్లలవి.

చెంగమ్మ గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పాను. తెల్లగుడ్డు మీద సబ్బు నురగ లాంటి మచ్చ ఉంది. ఎడమ కంటి నల్లగుడ్డు మసకబారి, మెరుపు లేకుండా పొడిగా ఉంది. నాకు వైద్యం తెలియదు. కాని మా పెట్టెలో కంటి జబ్బుల గురించి ఒక ఫిల్మ్‌స్ట్రిప్ ఉండేది. శిక్షణకు వచ్చిన వాళ్లకు దాన్ని ఎన్నోసార్లు తిప్పి చూపించాను. మొదట రేచీకటి, తరవాత నురగ మచ్చ, తరవాత మసకబారిన నల్లగుడ్డు. ఆ తరవాతి బొమ్మలో నల్లగుడ్డు కరిగిపోయి ఉంటుంది. ఈ రెండు బొమ్మలకూ మధ్య వ్యవధి ఒక్కోసారి ఒకటి రెండు రోజులే అని దాని కింద రాసి ఉంటుంది.

నెల్లూరు తీసుకుపోవాలంటే ఉన్న బండి ఆ జీపు ఒక్కటే. తెర మీది వెలుగు కూడా దానిదే. డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ గారికి విషయం చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, నియమం తప్పని మనిషి. "పాఠం పూర్తి కాకపోతే నేను పూర్తి కాలేదనే రాయాలి ఎస్తేరమ్మ గారూ. ఇంకో అరగంటలో ముగించలేరా?" అన్నారు. ముగించగలను. కాని అరగంటతో పోదు. తరవాత టీచర్ల చర్చ ఉంటుంది, భోజనాలుంటాయి. అన్నీ అయ్యేసరికి ఆ పూట గడిచిపోతుంది.

"రాయండి సార్. తీగ తీయించండి" అన్నాను.

ఆయన డ్రైవరును కేకేసి తీగ విప్పమన్నారు. తెర నల్లబడింది.

పిల్ల తల్లి రమణమ్మ బడి వెనక, వేసవిలో నాటే ఎడగారు వరిలో కలుపు తీస్తోంది. కబురు పంపితే బురద కాళ్లతోనే వచ్చింది. ఆసుపత్రి మాట ఎత్తగానే కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

"వద్దు టీచరమ్మా. మా పక్కింటోళ్లు బిడ్డను తీసకపోయినారు. రెండు కళ్లూ పోగొట్టుకుని వచ్చినాడు. వేడి చేసినాది, అంతే. కంట్లో చనుబాలు పోస్తా ఉండాం, తగ్గిపోతాది."

నేను నా వృత్తి నేర్పిన పనే చేశాను. పెట్టెలోంచి కంటి ఫిల్మ్‌స్ట్రిప్ తీసి, కిటికీ వెలుతురుకు పట్టి, చిన్న బొమ్మలను ఆమెకు ఒక్కొక్కటే చూపించాను. ఆమె శ్రద్ధగా చూసింది. రేచీకటి బిడ్డ మామూలు కళ్లు, మచ్చ, మసక, కరిగిన కన్ను, చివరికి మూతపడిన రెప్పలు. ఆ తరవాత వెనక్కి జరిగింది.

"ఆసుపత్రికి పోతే ఇట్ట చేస్తారా? మొదట బాగానే ఉండాది గదా ఆ బిడ్డ" అంది.

వైద్యం అందకపోతే ఏమవుతుందో చెప్పే బొమ్మలవి. ఆమె వాటిని వైద్యం చేస్తే ఏమవుతుందో చెప్పే బొమ్మలుగా చదివింది. అందులో ఆమె తప్పేమీ లేదు. వరసగా బొమ్మలు పెడితే వాటి మధ్య జరిగింది చూసేవాళ్లు తమకు తెలిసిన దానితోనే పూరించుకుంటారు. ఆమెకు తెలిసింది పక్కింటి బిడ్డ కథ. నేనెంత వివరించినా తల అడ్డంగా ఊపుతూనే ఉంది. ఇంటికి పోదాం పదమని కూతురి చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా వెళ్లింది. పెంచలయ్య గారు గద్దించబోతే వద్దని సైగ చేశాను. ఆమె బెదిరి వెళ్లిపోతే మళ్లీ రాదు.

ఫిల్ము పెట్టెలో పడేశాను. "రమణమ్మా, ఆసుపత్రి మాట ఎత్తను. ఒక్కసారి నీ బిడ్డ కళ్లు చూసి వెళ్లు" అన్నాను. గదిలో ఇంకా దుప్పట్లు ఉన్నాయి, తెరిచిన కిటికీ ఒక్కటే. చెంగమ్మను దానికెదురుగా నిలబెట్టాను.

"కుడి కంట్లో ఏం కనిపిస్తోంది?"

రమణమ్మ వంగి చూసింది. "కిటికీ. ఊచలు గూడా కనపడతా ఉండాయి."

"ఎడమ కంట్లో?"

ఎండకు మూసుకుపోతున్న రెప్పను తనే వేలితో మెల్లగా ఎత్తింది. చాలాసేపు చూసింది. మళ్లీ కుడి కన్ను, మళ్లీ ఎడమ కన్ను.

"కిటికీ లేదు. దుమ్ము పట్టిన గాజు మాదిరి ఉండాది" అంది. తరవాత అడిగింది, "నేను గూడా రావచ్చా?"

జీపులో ఆమె కూతురి తల మీద కొంగు కప్పి, దారి పొడుగునా ఆ కొంగు ఎత్తి చూస్తూనే ఉంది. నెల్లూరు చేరాక కంటి డాక్టరు దీపం వేసి చూసి వెంటనే విటమిన్ ఎ సూది మందు ఇచ్చారు. వేసవి అంతా పిల్ల ఏం తిన్నదని అడిగితే గంజి, ఊరగాయ అంది రమణమ్మ. ఆకుకూర, చేప, పాలు ఏవీ ఇంట్లోకి రాలేదు. రేపు తెచ్చి ఉంటే ఆ కన్ను గురించి ఏమీ చెప్పలేకపోయేవాణ్ణని డాక్టరు నన్ను పక్కకు తీసుకెళ్లి అన్నారు. ఆ రాత్రికీ మర్నాటికీ ఏదీ తేలలేదు. మూడో రోజు ఎడమ కన్ను నిలిచిందని చెప్పారు. దాని మీద చిన్న తెల్ల మచ్చ మాత్రం మిగిలింది. కుడి కంటికి ఏ లోటూ రాలేదు.

మిగిలిన పిల్లలకు ఆరోగ్య శాఖ వాళ్లు సొరచేప కాలేయం నూనె బడికే పంపించారు. దాని వాసనకు పిల్లలు పారిపోతుంటే పెంచలయ్య గారే గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ చెంచాతో పోసేవారు. కొన్ని వారాలకు పిల్లలకు సందె వేళ కూడా చూపు ఆనింది.

డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ గారు అన్నట్టే "పాఠం పూర్తి కాలేదు" అని రాశారు. అది నిజమే గనుక నేను అభ్యంతరం చెప్పలేదు. ఆ ఏడాది ఆ తాలూకాకు ప్రొజెక్టర్లు రాలేదు.

ఆ తరవాత నా బోధనలో రెండు మార్పులు చేసుకున్నాను. బొమ్మ చూపించాక దాని అర్థం నేను ముందుగా చెప్పడం మానేశాను. ఏం కనిపించిందో చూసినవాళ్లనే అడిగి, వాళ్ల జవాబు విన్నాకే తరవాతి బొమ్మకు మర తిప్పేదాన్ని. అసలు వస్తువు దగ్గర ఉంటే బొమ్మ జోలికే పోలేదు. రెండోది, గది చీకటి చేసే ముందు పిల్లల్ని ఒక్కొక్కరినే మసక వెలుతురులో నాలుగడుగులు నడిపించి చూడాలని శిక్షణలో చేర్చాను. దీనికి పరీక్షలో ఎన్ని మార్కులని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడిగేవారు. మార్కులు లేవని, అది చేయని వాళ్లను పాఠం మొదలుపెట్టనివ్వనని చెప్పేదాన్ని.