బంద్ నాడు నేను జెప్పిన జపాన్ కథ

నీకు జపాన్ భాష ఒస్తదా అని నన్ను ఇంక ఎవ్వలూ అడగకుండ్రి. మొదలు పోయిన బంద్ నాటి ముచ్చట ఇనుండ్రి. ఇన్నంక మీకే అడగబుద్ధి గాదు.

నాది డిగ్రీ అయ్యి రెండేండ్లు. నౌకరీ లేదు. దిల్‌సుఖ్‌నగర్ గల్లీలు మీకు ఎర్కనే గదా, ఒక్క బిల్డింగుకు పది కోచింగు బోర్డులు. అండ్ల ఒకదాని మీద "జపనీస్ నేర్చుకోండి, జాబ్ పట్టుకోండి" అని ఉన్నది. పోయి చేరిన. మూడు నెలల కోర్సు. మూడు నెలలల్ల అయిన క్లాసులెన్నో తెలుసా? పదకొండు! మిగిలినయన్నీ బంద్‌లకు, రాస్తారోకోలకు పోయినయి. ఎవ్వల్ని ఏమనాలె? ప్రత్యేక రాష్ట్రం గావాలని ఎల్బీనగర్ చౌరస్తల జెండ పట్టుకొని కూసున్నోళ్లల్ల నేనూ ఉంటి. నా క్లాస్ నేనే బంద్ జేసుకున్న అన్నట్టు.

ఆ పదకొండు క్లాసులల్ల నాకొచ్చిందేందంటే నమస్తే పెట్టుడు, పది దాక లెక్క, "ఇది పెన్ను", ఇంక "అరిగాతో". అరిగాతో అంటే థాంక్స్. ఇంట్ల బువ్వ తినుడు అయితే సాలు, అమ్మ దిక్కు తిరిగి వంగి "అరిగాతో" అంటుంటి. మా నానమ్మ మురిసిపోయేది. మా నాయినైతే కాలనీ మొత్తం చాటింపు ఏసిండు. "మావోనికి జపాన్ మొత్తం ఒచ్చేసింది!"

మా మీది పోర్షన్ల మూర్తి అంకుల్ వాళ్లు కిరాయికుంటరు. తెనాలి దిక్కోళ్లు. అంకుల్ ఏదో మిషన్ల కంపెనీల మేనేజర్. ఒకనాడు మెట్లు దిగుకుంట మా నాయినతోని అన్నడు:

"రెడ్డిగారూ, వచ్చే వారం మా కంపెనీకి జపాన్ వాళ్ళు నలుగురు వస్తున్నారండీ. పక్కనుండి వాళ్ళ మాట మనకీ, మన మాట వాళ్ళకీ చెప్పే మనిషి కావాలి. మీ అబ్బాయిని అడుగుదామా?"

"అడుగుడేంది సార్, పంపుతా!" అన్నడు మా నాయిన.

నా గుండె జారి చెప్పులల్ల పడ్డది. కానీ నిజం జెప్తున్న, నాకు గా పని గావాలె. నాలుగు రోజుల పనైతేంది? ఒక్కసారి లోపటికి పోతే ఎట్లనన్న జేసి ఆడ్నే పాతుకుపోవచ్చు. రెండేండ్ల సంది పెండ్లిళ్లకు పోతే "ఏం జేస్తున్నవ్ రా?" అని అడగనోడు లేడు. అందుకని నేను గూడ తల ఊపిన.

"మా ఎండీగారికి చెప్పే ముందు ఒక్కసారి నీ జపాన్ వింటానోయ్" అన్నడు అంకుల్.

అగో, ఆడ మొదలైంది పరేషాన్.

బంద్ నాడు అంకుల్ వాళ్లు కిందికి ఒచ్చి మా హాల్లనే కూసుంటరు. మా టీవీ పెద్దది. ఆంటీ పులిహోర తెస్తది, మా అమ్మ సర్వపిండి జేస్తది. అంత మంచిగనే ఉంటది, టీవీ పెట్టేదాకా. న్యూస్ పెడితే లొల్లి. తెలుగు సినిమా పెడితే హీరో ఎటు దిక్కోడని లొల్లి. ముందటి బంద్‌ల నాయిన, అంకుల్ ఒకరినొకరు అరుసుకొని వారం దినాలు మాట్లాడుకోలే. అందుకే ఈసారి మా అమ్మ ఆర్డరేసింది:

"ఇటోళ్లు గాదు, అటోళ్లు గాదు. ఎవ్వలకూ సంబంధం లేనోళ్ల సినిమా తేరా."

నాకు టక్కున ఐడియా ఒచ్చింది. జపాన్ సినిమా! కింద ఇంగ్లీషుల అక్షరాలు పడ్తయి గదా. మెల్లగ అవి సదువుకుంట తెలుగుల జెప్తే అంకుల్ పరీక్ష గూడ అయిపోతది. బంద్‌కు ముందు నాడే దిల్‌సుఖ్‌నగర్ పోయి, ఫుట్‌పాత్ మీద డీవీడీలు అమ్మేటాయన్ని అడిగిన.

"ఏక్ నంబర్ జపాన్ పిక్చర్ భాయ్" అన్నడు. "శవాలు లేస్తయి, కత్తుల ఫైటింగు, బ్రేక్ లేదు."

తెల్లారి అందరు కూసున్నరు. సినిమా షురువైంది. పొగమంచు, సమాధులు, మట్టిలకెళ్లి ఒక చెయ్యి లేసింది. నానమ్మ "రామ రామ" అన్నది. పొడుగు జుట్టోడు ఒకడు కత్తి దూసి ఏందో గట్టిగ అరిసిండు.

నేను స్క్రీన్ కింద జూసిన. ఖాళీ! ఒక్క అక్షరం లేదు! రిమోట్ తీసి రెండు మూడు బటన్లు ఒత్తిన. ఏం రాలే. రిమోట్ దీవాన్ మీద పడేసిన.

"ఏమంటున్నాడు బాబూ?" అన్నడు అంకుల్.

చెవులు రిక్కించి ఇన్న. నాకొచ్చిన పది ముక్కలల్ల ఒక్కటి గూడ ఇనబడ్తలేదు. కత్తులతోని నరుక్కునేటోళ్లు పెన్నుల ముచ్చట ఎందుకు జెప్తరులే అని నాకు నేనే ధైర్యం జెప్పుకున్న. నోట్లకెళ్లి ఏదొస్తే అది జెప్పిన. ఈ దినాలల్ల పొద్దున లేస్తే మాకు ఇనబడేది ఒక్కటే నినాదం గదా, అదే ఒచ్చింది.

"గాయన ఏమంటుండంటే... ఈ భూమి మాది, ఈ నీళ్లు మావి, మీరెవ్వలు అంటుండు అంకుల్."

మా నాయిన నిటారుగ కూసున్నడు. "శభాష్! మంచిగ అడిగిండు!"

అంకుల్ పులిహోర ప్లేటు కింద పెట్టిండు. "అంటే ఆ శవాలు బయట నుంచి వచ్చినవాళ్ళా?"

"అయ్యో కాదంకుల్! ఆ ఊరోళ్లే!"

"అంటే లోకల్ వాళ్లు శవాలా?" అన్నడు నాయిన.

"కాదు నాయినా! సగం ఇటోళ్లు, సగం అటోళ్లు."

"మరి కత్తోడు ఎటోడు?" ఇద్దరు ఒక్కసారే అడిగిండ్రు.

వంటింటి దర్వాజల నిలవడి అమ్మ నన్ను కొరకొర జూస్తున్నది. "గాయన ఎటోడూ గాదు" అన్న. "ఏదో పని మీద పోతుంటే మధ్యల ఇరుక్కున్నడు."

ఇగ భూముల జోలికి పోవద్దని తెల్ల బట్టల పిల్ల కనబడంగనే కథ పెండ్లి దిక్కు మలిపిన. ఆమె కత్తోని మరదలు అన్న. చిన్నప్పుడే ఖాయం జేసుకున్నరు, మధ్యల పెద్దోళ్లు పడగొట్టిండ్రు అన్న. శవం మూలిగితే దానికి గూడ ఒక డైలాగ్ జెప్పిన. "మాకు పెండ్లి పిలుపు రాలేదు, అందుకే కోపం" అంటుందన్న. నా నోటికి అంత శక్తి ఉందని నాకే ఎర్కలేదు!

మధ్యల అమ్మ చాయ్ పెట్టింది. ఇంటర్వెల్ అన్నట్టు. సినిమా ఎట్లుందని అందరు మొదలుపెట్టిండ్రు.

"వీళ్లకు దినం సరిగ్గ జెయ్యలేదు" అన్నది నానమ్మ. "కాకి ముట్టి ఉండదు. ముట్టకపోతే గిట్లనే లేస్తరు. మల్ల సంపుడెందుకు, జర ఇంత బువ్వ పెడితే పోతరు గదా."

"ఇంత నెత్తురు పారుతోందా, ఆ పిల్ల బట్టల మీద ఒక్క మరక చూశారా వదినా?" అన్నది ఆంటీ. "ఏం సబ్బు వాడుతుందో!"

"నాకైతే శవాలే నచ్చినయి" అన్నడు నాయిన. "ఎంత నరికినా ఒక్కడు ఎనుకకు పోతలేడు. ఉద్యమమంటే గట్లుండాలె."

"అదేంటండీ రెడ్డిగారూ, వాళ్ళకి ఎటు వెళ్తున్నారో వాళ్ళకే తెలీదు" అన్నడు అంకుల్.

"చాయ్ సల్లారుతున్నది, తాగుండ్రి!" అన్నది అమ్మ. ఇద్దరు కప్పులు లేపిండ్రు.

అప్పుడు అంకుల్ నా దిక్కు తిరిగిండు. "సినిమా సంగతేమో గానీ, అబ్బాయి మాత్రం భలే చెప్తున్నాడు. ఎక్కడా తడుముకోవట్లేదు! ఎల్లుండే మా ఎండీగారికి నీ పేరు చెప్తానోయ్."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. మా నాయిన నా భుజం తట్టిండు. ఆయన నన్ను అట్ల తట్టి ఎన్నేండ్లైందో.

ఆకిరి ఫైటింగు ఒచ్చింది. నానమ్మకు కాళ్లు గుంజుతున్నయని దీవాన్ మీద ఇటు జరిగి కూసున్నది. నేను జోరు మీదున్న. కత్తోడు గెలిసిండు, తెల్ల బట్టల పిల్ల ఆయన ముందట మోకాళ్ల మీద కూసొని తల వంచి ఏందో అన్నది. నేను ఇననే లేదు.

"బావా, మన పెండ్లికి ఈ శవాలను గూడ పిలుద్దాం అంటుంది" అన్న.

నానమ్మ ఒక్కసారి చెయ్యి లేపింది. "అగో! నువ్వు బువ్వ తిన్నంక మీ అమ్మతోని అంటవు సూడు, గదే మాట! అరిగాతో అన్నదిరా ఆ పిల్ల!"

నేను గబుక్కున టీవీ దిక్కు తిరిగిన.

"మరి పొద్దటి సంది ఒక్కసారి గూడ గా మాట అనలేదేంది?" అన్నది నానమ్మ. "గొంతులు గూడ మారినట్టున్నయి."

అంకుల్ లేసి, నానమ్మ కిందికెళ్లి రిమోట్ తీసిండు. ఇందాక జరిగి ఆమె దాని మీదనే కూసున్నది, బటన్ ఒత్తుకపోయినట్టుంది. కండ్లద్దాలు పెట్టుకొని ఒక బటన్ ఒత్తిండు, టీవీ మీద పడ్డ అక్షరాలు మెల్లగ సదివిండు.

"ఆడియో వన్... చైనీస్."

మల్ల ఒత్తిండు.

"ఆడియో టూ... జపనీస్."

గంటన్నర సేపు నేను చైనా మాటలకు జపాన్ అర్థం జెప్పిన! భాష ఒచ్చినోడు చెప్పలేకపోతే అది ఒక తీరు. అసలు అది జపాన్ భాష గాదని గూడ తెల్వనోణ్ని నేను! సిగ్గుతోని సచ్చిపోయిన. ఆ సమాధులల్ల ఒకటి ఖాళీ ఉంటే పండుకుందును.

అంకుల్ కోపానికి రాలే. కండ్లద్దాలు తీసి తుడుసుకుంట నెమ్మదిగ అన్నడు:

"బాబూ, మా కంపెనీకి అప్పుడప్పుడు చైనా వాళ్ళు కూడా వస్తుంటారు. వాళ్ళకి చెప్పమంటావా నీ పేరు?"

మొదలు నవ్వింది మా నాయిననే. కడుపు పట్టుకొని నవ్విండు. అంకుల్ గూడ అందుకున్నడు. ఇద్దరు ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకొని కండ్లల్ల నీళ్లొచ్చేదాకా నవ్విండ్రు. ఎన్నో నెలల సంది ఏ ముచ్చట మీదా కలవనోళ్లు, పోరనికి జపాన్ రాదు అన్నదాని మీద మాత్రం ఒక్కటైండ్రు. ఆంటీ ఒక్కతే పాపం, "కథ మాత్రం బాగా చెప్పాడండీ" అని నా దిక్కు మాట్లాడింది.

పని పోయింది. ఎండీగారికి నా పేరు పోనే లేదు.

ఆ తెల్లారి గూడ బస్సులు లేవు. ఎల్బీనగర్ మా ఇంటి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాక నడిసి పోయిన. క్లాసుల సార్ ఒక్కడే కూసొని పేపర్ సదువుతున్నడు. మొదటి పాఠం నుంచి మల్ల జెప్పుండ్రి సార్ అన్న.

సార్‌కు సంబురమైంది. "ఎంతదాక నేర్సుకుందామనుకుంటున్నవ్?"

"ఎక్కువొద్దు సార్" అన్న. "ఇన్నంక అది జపానో కాదో మా నానమ్మ కంటె ముందు చెప్పగలిగితే సాలు."