తల మీద చెయ్యి పడినప్పుడు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, అక్కలారా, మీ ముందు నిలబడి మాట్లాడుతుంటే ఇప్పటికీ నా కళ్ళు ఆ తలుపు వైపే పోతున్నాయి, బయట బండి ఆగిన చప్పుడు వినిపిస్తే చాలు గుండె జారిపోతుంది, అయినా ఈ పూట నోరు తెరిచే ధైర్యం ఇచ్చిన దేవునికే మహిమ!

నా భర్త పోర్టులో క్రేన్ నడుపుతాడు. డ్యూటీ దిగి వచ్చి బండి ఆపే తీరును బట్టే ఆ రోజు నా గతి ఏమిటో తెలిసిపోయేది, పాపను పక్కింటికి పంపేసి నేను వంటింటి గోడకు ఆనుకుని నిలబడేదాన్ని. కొట్టిన మర్నాడు ఆయనే ఏడ్చేవాడు, పూర్ణా మార్కెట్ నుంచి మల్లెపూలు తెచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చునేవాడు, అమ్మయ్య, మారిపోయాడు అనుకునేదాన్ని!

ఎందుకు వచ్చెయ్యలేదని అందరూ అడుగుతారు. ఎక్కడికి రావాలి? ఒకసారి కంచరపాలెంలో మా అన్నయ్య ఇంటికి వెళ్ళిపోతే, ఈయన వచ్చి అందరి ముందూ చేతులు జోడించాడు, మా అన్నయ్యే నచ్చజెప్పి నన్ను బండెక్కించాడు, ఇంటికొచ్చాక ఈయన తలుపు గడియ పెట్టి, ఇంకోసారి గడప దాటితే పాపను ప్రాణాలతో చూడవని నెమ్మదిగా చెప్పాడు. ఉంటే కొడతాడు, వెళ్తే చంపుతాడు. పైగా ఆ ఇంట్లో యేసయ్యను నమ్ముకున్నది నేనొక్కదాన్నే, నేను వచ్చేస్తే చర్చికి పోయి కాపురం పాడుచేసుకుందని అత్తవారు నా ప్రభువునే ఆడిపోసుకుంటారు కదా, అదొక భయం. అందుకే శుక్రవారం ఉపవాసముండి, "ప్రభువా, ఆయన్ని మార్చు, అంతవరకూ నన్ను బతికించు" అని వేడుకునేదాన్ని. మీకెవరికీ తెలియలేదు. ఎలా తెలుస్తుంది? ఇక్కడ ఆడవాళ్ళమందరం కొంగు తల మీదికి లాక్కుంటాం, దెబ్బలు దాచుకోవడానికి నాకు ఇంతకంటే మంచి చోటు దొరకలేదు.

ఒక శుక్రవారం పొద్దున్నే, డ్యూటీకి వెళ్తూ ఆయన నా తలను గోడకేసి కొట్టాడు. మధ్యాహ్నం ప్రార్థనలో పాస్టరమ్మగారు వరసగా అందరి తలల మీదా చెయ్యి వేస్తూ నా దగ్గరికి వచ్చారు, ఆ చెయ్యి సరిగ్గా అక్కడే పడింది, నేను కేక పెట్టి కూలిపోయాను, నా మీదికి ఆత్మ దిగిందని అక్కలందరూ స్తోత్రం, స్తోత్రం అంటూ చప్పట్లు పెంచారు, అమ్మగారు ఇంకా గట్టిగా నొక్కి ప్రార్థించారు, నా కళ్ళు చీకట్లు కమ్మాయి, అయినా నొప్పి అని చెప్పడానికి నోరు రాలేదు!

చేపలమ్మే పోలమ్మ మోకాళ్ళ నొప్పులకు ప్రార్థన చేయించుకుందామని ఆ రోజు వచ్చింది, మన సంఘంలో మనిషి కూడా కాదు. ఆమె లేచి అమ్మగారి చెయ్యి పట్టుకుంది.

"ఆత్మ కాదమ్మగోరూ, అది దెబ్బ. నానూ ఇలాగే అరిసేదాన్ని."

నా కొంగు తొలగించింది. చప్పట్లు ఆగిపోయాయి. పాప బడిలో ఉంది, ఈ సంగతి తెలిస్తే ఆయన దాన్ని చంపేస్తాడు అన్నాను. ఇన్నాళ్ళూ ఎందుకు ఉండిపోయావమ్మా అని అమ్మగారు ఏడుస్తుంటే పోలమ్మే అడ్డుపడింది.

"అది ఇప్పుడు అడక్కండి. పాప బడి కాడుంది, ముందు దాన్ని తెచ్చీసుకుందాం."

ఆయన డ్యూటీ దిగకముందే అక్కలు పాపను, నన్ను పాస్టరుగారి ఇంటికి చేర్చారు, సాయంత్రం ఆయన వచ్చి ఆ ఇంటి గేటు విరిగిపోయేలా బాదుతుంటే నేను పాప నోటి మీద చెయ్యి పెట్టి మంచం వెనక దాక్కున్నాను, పోలీసులు వచ్చేదాకా ఆ అక్కలు గేటు దగ్గర నుంచి కదల్లేదు!

ఇప్పుడు మధురవాడలో ఒక హాస్టల్లో వంట చేసుకుంటూ పాపను చదివించుకుంటున్నాను. ఆయన మారలేదు. ఆయన్ని మార్చమని నేను అడిగితే, దేవుడు నన్ను బయటికి తెచ్చాడు. నా భయం ఇంకా పూర్తిగా పోలేదు, దాని కోసం ప్రార్థించండి.

కొంగు బాగా ముందుకు లాక్కుని కూర్చున్న చెల్లీ, నువ్వెవరో నాకు తెలియదు. అమ్మగారు ఇప్పుడు తలల మీద చెయ్యి వేయడానికి వస్తారు. నొప్పి పుడితే నొప్పి అని చెప్పు, దేవుడు దాన్ని కూడా ప్రార్థనగానే వింటాడు. ఈసారి మేము చప్పట్లు కొట్టం.