శంకువు బదులు మంచం కోడు

మా తమ్ముడు రాయచూరులోని పాత ఇల్లు పడగొట్టించి మూడంతస్తులు లేపుతున్నాడంటే, కిటికీలు ఎక్కడ పెట్టాలో చెప్పకపోతే నాకు తోచదు గనుక, పోయిన వారం వెళ్లి నిలబడ్డాను. ఈశాన్య మూలలో జేసీబీ మట్టితో పాటు నల్లబడ్డ కొయ్యముక్క ఒకటి పైకి తీసింది. "మంచం కోడు లెక్క ఉంది గదమ్మా" అని దాన్ని నడిపేవాడు నవ్వాడు. లెక్క ఉండడమేమిటి, అది మా నాయనమ్మ మంచం కోడే.

ఊరవతల కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు లేస్తున్న ఆ రోజుల్లో, బజారులో మా నాయన ఇనుప సామాన్ల దుకాణం ఊపందుకుని, మాకూ సొంతిల్లు కట్టుకునే ధైర్యం వచ్చింది. శంకుస్థాపన ముందు రోజు సాయంత్రం ముసలి మేస్త్రీ చండ్ర కర్రను గుండ్రంగా చెక్కి, చివర సూదిగా తేల్చి, పసుపు రాసి గూట్లో పెడుతూ, "దీని పేరే శంకు బిడ్డా, గిది భూమిల దిగినంకనే ఇల్లు" అన్నాడు. చూద్దును కదా, అది నా లెక్కల పుస్తకంలోని శంకువు బొమ్మే. ఆ పొద్దునే లెక్కల సారు శంకువుకు ఆ పేరు శంఖం నుంచి వచ్చిందని చెప్పి, శంఖం మెలికలు తిరిగి ఉంటుంది కదా అన్నందుకు నన్ను గంటసేపు నిలబెట్టారు. అసలు శంకువంటే భూమిలో దిగేసే మేకు అనీ, ఆ ఆకారానికే లెక్కలవాళ్లు మేకు పేరు పెట్టుకున్నారనీ కాలేజీకి వెళ్లాక నిఘంటువులో చూశాను గాని, ఆ రోజుకు నాకు మేస్త్రీ మాటే చాలింది; రాత్రి అన్నం తింటూ సంగతంతా నాయనకు చెప్పాను.

మర్నాడు ముహూర్తం పదిన్నరకు. మొదటి పీరియడులో చూపించి పరుగున తెచ్చేయవచ్చని దాన్ని సంచిలో వేసుకుని పోయాను. సారు ముఖం ఎర్రబడింది; దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, నన్ను గడప దాటనివ్వలేదు. ఇంటి దగ్గర ముహూర్తం మించిపోతుంటే మేస్త్రీ నాయనమ్మ మంచం కోడు ఊడదీసి చెక్కాడట. "నా మంచాన్ని కుంటిది చేసి ఇల్లు గట్టిండ్రు" అని ఆవిడ పోయేదాకా దెప్పింది.

ఇంట్లో ఏది మాయమైనా ముందు నా పేరే వచ్చేది కాబట్టి, పూజ కాగానే నాయన మట్టి చేతులతోనే బడికి వచ్చాడు. ఆయన నా వైపు చూడలేదు.

"సార్, మా పిల్ల చెప్పింది తప్పా?"

సారు బీరువా తాళం తీస్తూ, తప్పు కాదన్నారు.

"ఖరే అయితే గది ఈడనే ఉండనియ్యుండ్రి. పిల్లలు చూస్తరు."

ఆ శంకువు బడి బీరువాలో ఏళ్ల తరబడి ఉంది. దాన్ని చేత పట్టుకుని సారు తర్వాతి తరగతుల పిల్లలకు మేకు సంగతే చెప్పేవారట.

తమ్ముడి కొత్త ఇంటికి కొబ్బరికాయ కొట్టి ఫొటోలు దిగారు, మేకు ఊసే లేదు. ఆ కోడును కొంగుతో తుడిచి నా ఇంటికి తెచ్చుకున్నాను. ఇన్నేళ్లలో ఎన్ని వాదాలాడానో, ఎన్ని గెలిచానో. నోరు పెద్దదన్నవాళ్లే అందరూ. కోప్పడే ముందు, నేను చెప్పింది తప్పా అని అడిగిన మనిషి మాత్రం మళ్లీ తగల్లేదు.