నేను తెల్లగా వదిలేసిన వీధి

2024లో బుడమేరు వాగు పొంగి విజయవాడ మీద పడ్డప్పుడు, గవర్నర్‌పేటలో ఒక యూట్యూబ్ వార్తా చానల్‌కు మ్యాపులు తయారు చేసేవాణ్ణి. చదివింది ఏడో తరగతి. పత్రికల జిల్లా పేజీలకు ట్రేసింగ్ కాగితం మీద పటాలు గీసి బతికాను. అరవై దాటాక జీఐఎస్, అంటే భూమి మీది వివరాలను కంప్యూటర్లో పొరలు పొరలుగా పరిచే పద్ధతి, సొంతంగా నేర్చుకున్నాను. ఆ గర్వం కాస్త ఎక్కువే.

ఆ రోజుల్లో టీవీ చూస్తే ఒళ్లు మండేది. స్టూడియోలో బొమ్మ నీళ్లు పోసి, మధ్యలో యాంకర్‌ని నిలబెట్టేవారు. ఇదా వార్త? వీళ్లకు బుద్ధి చెప్పాలని రాడార్ శాటిలైట్ చిత్రం తెచ్చి, మునిగిన వీధులకు నీలం వేశాను. మిగతావి తెల్లగా వదిలాను. గంటలో ఆ మ్యాపు ఊరంతా వాట్సాప్‌లో తిరిగింది.

మర్నాడు పొద్దున ఆఫీసుకు ఫోను. రజియా అని, టైలరింగ్ చేసుకునే ఆవిడ.

“ఆ మ్యాపు వేసింది మీరేనాండీ? బోట్ల వాళ్లకి ఫోన్ చేస్తే, మీ వీధిలో నీళ్లు లేవు కదమ్మా, మ్యాపులో తెల్లగా ఉంది అంటున్నారు. మా అమ్మకి ఇవాళ డయాలసిస్ అండీ.”

నేనన్న మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. “అమ్మా, శాటిలైట్ అబద్ధమాడదు. వీధి పేరు సరిగ్గా చెప్పు.”

“నేను పుట్టి పెరిగిన వీధండీ! మరి నా నడుం దాకా ఉన్నదేంటి, సాంబారా? మీ శాటిలైట్‌ని ఒకసారి దిగి చూసి పొమ్మనండి!”

రాడార్ బయలు మీద పరుచుకున్న నీటిని బాగా పట్టుకుంటుంది. ఇళ్లు ఆనుకుని ఉన్న సందుల్లో గోడల నుంచి తిరిగొచ్చే సంకేతాలు నీటిని కప్పేస్తాయి. ఆ సంగతి నాకు తెలుసు. నా లెక్కలో తెలుపంటే ‘కనబడలేదు’. చూసేవాళ్లకు ‘నీళ్లు లేవు’. పత్రికలో ఉండగా చిన్న కాలువ గీయాలన్నా అక్కడి విలేకరికి ఫోన్ చేసి అడిగేవాణ్ణి. ఈసారి ఎవరినీ అడగలేదు. ఇంకో చానల్ ముందు పెట్టేస్తుందేమోనన్న ఆత్రం.

బోట్ల వాళ్లకు వెంటనే ఫోన్ చేశాను. మ్యాపు తప్పని చెప్పడానికి నోరు రాక, “కొత్త సమాచారం వచ్చింది” అన్నాను. పాత మ్యాపు తీసేసి, సవరణ అనే మాటైనా లేకుండా కొత్తది పెట్టాను. రజియా తల్లి ఆసుపత్రి చేరేసరికి మధ్యాహ్నమైంది. ఊపిరాడక రెండు రోజులు ఐసీయూలో ఉండి బతికింది.

వారం తర్వాత రజియా మళ్లీ ఫోన్ చేసింది. “మిషను తప్పుకి మీరేం చేస్తారండీ! మీరు చెప్పబట్టే బోటొచ్చింది. మీ మేలు మర్చిపోను.”

“దానిదేముందమ్మా” అన్నాను.

ఇప్పుడు రాడార్‌కు అందని సందులకు బూడిదరంగు వేసి, ‘తెలియదు’ అని రాస్తున్నాను. అక్కడుండే ఒక్కరినైనా అడగనిదే మ్యాపు బయటికి పంపడం లేదు. చానల్ వాళ్లు ఆలస్యమని గొణుగుతారు. గొణగనీ.

రజియా గారూ, ఆ రోజు మిషను తప్పు చేయలేదు. తనకు కనబడనిది కనబడలేదనే చెప్పింది. తెలిసినట్టు రంగు వేసిందీ, మీ కృతజ్ఞత పుచ్చుకుని ఊరుకున్నదీ నేనే.